ఒక్కరికే చెప్పాల్సిన నంబరు

నాకు మొదటిసారి భయం వేసింది ఒక ఆదివారం, ఆరాధన అయిపోయాక, మందిరం గుమ్మంలో మా చిన్నాడి రెండో చెప్పు వెతుకుతూ ఉండగా. పాస్టరమ్మగారు వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ముఖమంతా సంతోషం.

"మీ చెల్లాయితో రోజూ మాట్లాడుతున్నామండీ. తెల్లారగట్ల ప్రార్థనలో ఫోను స్పీకర్లో పెట్టి, ఆ అమ్మాయి వినేటట్టు ఒక పాట కూడా పాడుతున్నాం. కువైట్ అయితే ఏమండీ, మనకి లోకల్ కాలే పడుతోంది!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. "మొన్న నేనూ చేశానండీ." "మా అమ్మాయి కూడా మాట్లాడింది." "పాపం, ఎంత మెల్లగా మాట్లాడుతుందో. సిగ్గుపిల్ల."

మనకి తెల్లారగట్ల అయిదంటే అక్కడ రాత్రి రెండున్నర. ఆ లెక్క అప్పుడే, చెప్పు చేతిలో పట్టుకుని ఉండగా, నా బుర్రకి తట్టింది. లోపల, ప్రార్థన మనవులు రాసే నల్లబల్ల మీద, సుద్దముక్కతో నా చెల్లి పేరు, దాని కింద పది అంకెలు ఉన్నాయి. ఆ నంబరు చీటీ మీద రాసి ఇచ్చింది నేనే.

ఆ క్షణంలో నా కళ్ళ ముందుకి వచ్చింది చెల్లి కాదు. తాడేపల్లిగూడెంలో ఉండే ఒక మామ్మగారు. 'మీకు చెప్పక్కర్లేదు లెండి' అన్న ఆవిడ మొహం.

ఆవిడ పోయి ఇవాళ్టికి నాలుగో రోజు. పిల్లలు పడుకున్నారు. ఆవిడ గురించి ఎవరితోనైనా చెప్పాలని ఉంది గానీ, చెబితే నా సంగతి కూడా చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

గూడెం స్టేషనుకి అవతల, రైలు పోయినప్పుడల్లా గిన్నెలు మోగే ఇల్లు ఆవిడది. ఆవిడా ఒకప్పుడు గల్ఫ్‌లో ఇంటిపని చేసి వచ్చిన మనిషే. ఉంగుటూరు నుంచి, చింతలపూడి నుంచి, కొల్లేటి లంకల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళు వీసా చేతికి రాగానే ఆవిడ దగ్గరికి చేరేవారు. వంట నేర్చుకోవడానికి కాదు, భాష నేర్చుకోవడానికీ కాదు. అక్కడికి వెళ్ళాక ఫోను చవగ్గా, పట్టుబడకుండా ఎలా వాడుకోవాలో నేర్చుకోవడానికి. ఎదురుగా అందరూ మామ్మగారూ అనేవారు. వెనకాల 'పరీక్షలావిడ' అనేవారు.

మా వైపు 'అండీ' అననివాళ్ళు ఉండరు. ఆవిడ మాత్రం మామూలుగా అందరినీ ఒసే, పిల్లా అనే పిలిచేది. ఆవిడ నోట 'అండీ' వచ్చిందంటే ఎదటి మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

"ఏవండీ, ఏడుస్తున్నారాండీ? ఏడవండి, ఏడవండి. ఇక్కడైతే ఊరికే. అక్కడ ఏడుపుకి కూడా నిమిషాలు పడతాయండి."

ఆవిడ పాఠం చిన్నది. ఇక్కడి సిమ్ము పట్టుకెళ్ళకూడదు. "ఇక్కడి సిమ్ము అక్కడ వాడతానంటే, కొల్లేటి నీళ్ళు బిందెతో మోసుకెళ్ళి కువైట్లో తాగుతాననడమే. దారిలోనే అయిపోతాయి" అనేది. సిమ్ము లేని ఖాళీ ఫోను సెట్టు పట్టుకెళ్ళాలి. అక్కడ ఇంటి డ్రైవరునో, పక్కింట్లో పనిచేసే మనిషినో మంచి చేసుకుని, అక్కడి దుకాణంలో అక్కడి సిమ్ము కార్డే కొనిపించుకోవాలి. సెట్టుకి ముందు మోత తీసెయ్యాలి. నంబర్లు కాగితం మీద రాసుకోకూడదు. "కాయితం వాళ్ళకి దొరుకుద్ది. బుర్ర దొరకదు." మొదటి ఫోన్లో బాగున్నావా, బాగున్నాను అనుకోకూడదు. ఏ ఏరియా, ఏ బ్లాకు, ఏ వీధి, ఏ ఇల్లు, ఆ నాలుగూ చెప్పి పెట్టెయ్యాలి. "బాగున్నావా అంటే ఎవరైనా బాగున్నాననే అంటారు. దానికో ఫోను దండగ."

ఇది ఒక్క పూటలో చెప్పెయ్యొచ్చు. ఆవిడ పది రోజులు ఇంట్లో పెట్టుకునేది. డబ్బు తీసుకునేది కాదు గానీ ఇంటిపనంతా చేయించుకునేది. అంట్లు తోముతూ ఉంటే వెనకనుంచి వచ్చి అరబ్బు ఇంటావిడలా యల్లా యల్లా అని అరిచి, మూత విసిరికొట్టి, "నంబరు చెప్పు!" అనేది. చెప్తే, "ఇప్పుడు వెనకనుంచి చెప్పు" అనేది. తిడుతుంటే గుర్తుండని నంబరు నంబరే కాదని ఆవిడ సిద్ధాంతం. చింతలపూడి పిల్ల ఒకత్తి ఒక్క అంకె తప్పు చెప్పిందని, కంచం ముందునుంచి లేపి బయటికి పంపేసింది. ఆ పిల్ల రాత్రంతా స్టేషన్లో కూర్చుని, పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి తప్పు లేకుండా అప్పచెప్పింది. ఆవిడ మెచ్చుకోలేదు. మిగతావాళ్ళతో అందట: "చూశారా, ఆకలేస్తే వచ్చేసింది."

ఆఖరి పరీక్ష ఇంకొకటి ఉండేది. దానికి ఇంటిల్లిపాదీ రావాలి. అందరినీ చాప మీద కూర్చోబెట్టేది. అక్కడ కొనుక్కునే నంబరు ఇక్కడ ఒక్కరికే తెలియాలి. ఆ ఒక్కరు ఎవరో వెళ్ళే మనిషి అందరి ఎదురుగా తేల్చాలి. చెవిలో చెప్తానంటే ఒప్పుకునేది కాదు. మొగుడు, తల్లి, అత్త, ఎదిగిన పిల్లలు ఆశగా చూస్తూ ఉండగా, లేచి వెళ్ళి ఒకరి మోకాలు ముట్టుకోవాలి. ముట్టుకోని వాళ్ళ మొహాలు ఆవిడ తీరిగ్గా, లవంగం నములుతూ చూసేది. ఆ చూపులో ఆవిడకి ఏదో తృప్తి ఉండేది. లేదని చెప్పను.

ఉంగుటూరు మొగుడొకడు అక్కడికక్కడే లేచి వెళ్ళిపోయి, పెళ్ళాన్ని విమానం ఎక్కించడానికి కూడా రాలేదట. ఆవిడే చెప్పింది. "పోతే పోయాడు. వాడికి నంబరు తెలిసుంటే రోజూ తాగి చేసేవోడు. దానికి ఎంత కలిసొచ్చిందో చూడు."

నా చెల్లిని కొల్లేటి లంకలో ఇచ్చాం. సర్కారు చేపల చెరువుల గట్లు తెంచేశాక మా మరిదికి పని లేకుండా పోయింది. రెండేళ్ళు వెళ్ళొస్తానని చెల్లే అంది. కూతురు బుజ్జిని వట్లూరులో నా దగ్గర వదిలి, గూడెంలో పది రోజులూ ఉంది. ఆఖరి రోజు నేనూ, మరిదీ, ఆయన తల్లీ వెళ్ళి చాప మీద కూర్చున్నాం. చెల్లి లేచి, తలెత్తకుండా వచ్చి, నా మోకాలు ముట్టుకుంది.

"ఇంట్లోవాళ్ళం ఇంతమందిమి ఉండగా!" అంది అత్తగారు.

మరిది చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

మామ్మగారు నన్ను ఎగాదిగా చూసింది. "ఏవండీ, మీరేం చదివారండీ?"

"బీకామ్ అండీ."

"అయితే మీకు చెప్పక్కర్లేదు లెండి."

"ఒక్కరికే అంటే మరీ కఠినం కదండీ? చిన్నపిల్ల ఉంది, అత్తగారు ఉన్నారు. అందరూ దాని మీద ప్రేమున్నవాళ్ళే."

"ప్రేమున్నవాళ్ళు ఎక్కువైతే ఖర్చు ఎక్కువండీ" అంది.

ఈవిడకి మనుషుల మీద కక్ష అనుకున్నాను. ఏలూరు బజార్లో ఫోన్ల షాపుకి వెళ్ళి అడిగితే, అతను రోమింగ్ సంగతి చెప్పాడు. నంబరు మారదు, దిగగానే పనిచేస్తుంది. "మీకు ఏలూరు నుంచి ఏలూరుకి చేసినట్టే మేడమ్" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అక్కడ ఎత్తినందుకు మా చెల్లికి ఎంత పడుతుందని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే.

విమానం ఎక్కే ముందు సిమ్ము వేసిన సెట్టు చెల్లి చేతిలో పెట్టాను.

"అక్కా, మామ్మగారు ఖాళీ సెట్టే పట్టుకెళ్ళమంది కదే."

"ఆవిడ కాలం వేరే. నువ్వు ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఇవాళే మాట్లాడుకోవచ్చు."

చెల్లి సెట్టు సంచిలో పెట్టుకుంది. నా మాట కాదనడం దానికి చిన్నప్పటినుంచీ రాదు.

వారం తిరక్కుండానే "అక్కా, బాలెన్సు ఎందుకో అయిపోతోంది" అంది. ఇక్కడినుంచి రీచార్జి చేయించాను. నాలుగు రోజులకి మళ్ళీ అదే మాట. మళ్ళీ చేయించాను. మూడోసారి చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నావే అంత? వెళ్ళి మూడు వారాలు కాలేదు, అప్పుడే ఎవడు దొరికాడు?"

అటునుంచి కాసేపు ఊపిరి వినపడింది. తరవాత లైను తెగిపోయింది. బాలెన్సు అయిపోయి తెగిందో, తనే పెట్టేసిందో తెలియదు. నేను ఆఖరుసారి విన్నది నా చెల్లి గొంతు కూడా కాదు, ఊపిరి.

ఆ తరవాత వచ్చిన ఆదివారమే పాస్టరమ్మగారు నాతో సంతోషం పంచుకున్నది. ఇక్కడినుంచి ఎవరు చేసినా, ఎత్తిన పాపానికి అక్కడ చెల్లి డబ్బు కరిగిపోతోంది. పెద్దవాళ్ళు మాట్లాడుతుండగా ఫోను పెట్టెయ్యడం మన పిల్లలకి ఎవరు నేర్పారు? పాట అయ్యేదాకా, ఆమెన్ అనేదాకా చెవి దగ్గర పెట్టుకునే ఉండేదట. కూతురికి ఏమైనా అయితే తెలియాలని రాత్రిళ్ళు ఆపేది కాదట. మోత తీసెయ్యమని ఆవిడ నేర్పింది, కానీ నేను కొనిచ్చిన సెట్టు కొత్త రకం, ఎక్కడ నొక్కాలో దానికి తెలియలేదట. నేనూ చూపించలేదు. రాత్రి రెండున్నరకి, అందరూ నిద్రపోయే ఇంట్లో, పనిమనిషి దిండు కింద ఫోను మోగింది. ఇంటావిడ లేచి వచ్చింది.

ఇవన్నీ నాకు తరవాత మామ్మగారి నోటే తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒకటే: ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు అందుబాటులో లేదు.

సోమవారం గూడెం వెళ్ళాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. జరిగింది చెప్పాను. తుంచుతూనే వింది.

"ఏవండీ, ఆ అమ్మాయి ఉండే ఏరియా ఏదండీ?"

"తెలీదండి."

"బ్లాకు?"

"తెలీదు."

"వీధో, ఇంటి నంబరో?"

నేను ఏడవడం మొదలుపెట్టాను.

"ఎంతమంది మాట్లాడారండీ దాంతో?"

"ముప్ఫై మంది దాకా ఉంటారండి."

"ముప్ఫై మంది. ఒక్కరూ ఎక్కడున్నావే అని అడగలేదు. పాట మాత్రం పాడారు." చిక్కుడుకాయల చేట పక్కకి జరిపింది. "నంబరుంటే మనిషి ఉన్నట్టే అనుకున్నారు కదండీ, డిగ్రీగారూ?"

కాళ్ళు పట్టుకోబోయాను. తన్నినట్టుగా వెనక్కి లాక్కుంది. "లెండి. ఆ అంట్లు తోమండి."

తోమాను. పెరట్లో నేను తోముతూ ఉంటే ఆవిడ పైన నిలబడి అడిగింది. ఏజెంటు ఎవరు, ఏ రోజు విమానం, ఆ ఇంట్లో పిల్లలెందరు, చెల్లి ఏ రోజు ఏ మాట అంది. గుర్తులేదంటే చెంబుడు నీళ్ళు మొహాన కొట్టింది. నిజంగానే కొట్టింది. మేడ మీద బట్టలారేస్తుంటే సముద్రం వాసన వస్తుందని చెల్లి ఒకసారి అంది. ఇంటి డ్రైవరు కడపవైపు మనిషి, తెలుగు మాట్లాడతాడని ఒకసారి అంది. ఆ రెండు మాటలూ నా నోట్లోంచి ఆ నీళ్ళ తరవాతే వచ్చాయి.

"ఇక వెళ్ళండి" అంది.

నాలుగు నెలలు పట్టింది. అక్కడ ఉన్న తన పిల్లల్ని, అంటే తను నేర్పి పంపినవాళ్ళని, ఒకరి తరవాత ఒకరిని అడిగించింది. నాలుగు నెలల తరవాత ఒక ఆదివారం నేను గుమ్మంలో అడుగుపెట్టకముందే, "ఉంది" అంది. వేరే ఇంటికి మార్చారట. పని చేసుకుంటోందట. అక్కడి కార్డు కొనుక్కుందట.

"నంబరు ఇవ్వండి మామ్మగారూ."

"ఒక్కరికే కదండీ ఇవ్వాలి. ఆ అమ్మాయి ఒక్కరిని చెప్పింది."

"ఎవరినండీ?"

ఆవిడ తన చెయ్యి తన మోకాలి మీదే వేసుకుంది.

పోనీ ఇంకొకటి అడిగాను. "ఫోను దొరికినప్పుడు దాన్ని ఏం చేశారండీ?"

"అది మీకు చెప్పమనలేదండి."

దాదాపు ఏడాది, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఏలూరులో పాసింజరు ఎక్కి గూడెం వెళ్ళాను, ఆ ఒక్క మాట కోసం. మరిదికీ నంబరు లేదు. అక్కడినుంచి వచ్చేపోయేవాళ్ళు డబ్బు తెచ్చి ఇస్తే అతనికి చాలు. నాకు మాత్రం "ఉంది" అని వినపడాలి. ఆవిడ వెంటనే చెప్పేది కాదు. ఒకరోజు బియ్యం ఏరించేది. ఒకరోజు కొత్తగా వచ్చిన పిల్లల ముందు నన్ను చూపించి, "ఈవిడే, పాట పాడించినావిడ" అనేది. తిరుగు రైలు టైము అయ్యేదాకా కూర్చోబెట్టి, నేను గేటు దాటుతుంటే వెనకనుంచి "ఉంది" అనేది. ఆవిడ చచ్చిపోతే బాగుండునని నేను అనుకున్న ఆదివారాలు ఉన్నాయి.

ఒకసారి బుజ్జిని తీసుకెళ్ళాను. "ఒక్క నిమిషం తల్లితో మాట్లాడనివ్వండి."

"పిల్ల గొంతు వింటే దానికి నాలుగు రోజులు పని సాగదు. పని సాగకపోతే ఏం చేస్తారో మీకు తెలీదు. నాకు తెలుసు." బుజ్జి నిలబడి వింటూ ఉండగానే అంది: "ఈ పిల్లకి ఇప్పుడు కావాల్సింది అమ్మ కాదు, అన్నం."

ఆ రోజు నుంచి బుజ్జి అమ్మ మాట ఎత్తడం మానేసింది.

నేనే ఒకరోజు ఉక్రోషం పట్టలేక అడిగాను. "మీరు వెళ్ళినప్పుడు మీ ఒక్కరు ఎవరండీ?"

"ఎవరూ లేరండి" అంది, దారానికి ముడి వేస్తూ. "అందుకే నాకు చవగ్గా అయిపోయింది."

మొన్న సోమవారం పోయిందావిడ. రెండు రోజుల జ్వరమట. పక్కింటామె చెబితే వెళ్ళాను. సమాధి దగ్గర పదిమందికి మించి లేరు. ఆవిడ నేర్పి పంపిన ఆడవాళ్ళలో ఒక్కరూ లేరు. అందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళకి ఎవరూ కబురు చెయ్యలేదు, చెయ్యడానికి ఎవరి దగ్గరా నంబర్లు లేవు. చావు కబురు ఫోన్లో చెప్పకూడదని నేర్పింది కూడా ఆవిడే. రాలేరు, ఊరికే ఏడుస్తారు, పట్టుబడతారు.

పక్కింటామె ఆవిడ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్ళండమ్మా. ఆవిడ పోయినకాణ్ణుంచీ మోగుతానే ఉంది. ఎత్తితే ఎవరో 'మామ్మా' అంటారు. నా గొంతు విని పెట్టేత్తారు. నాకు భయంగా ఉంది."

అందులో ఒక్క పేరు లేదు. వచ్చిన ఫోన్లన్నీ ఎప్పటికప్పుడు చెరిపేసేది. అన్ని నంబర్లూ బుర్రలోనే పెట్టుకుంది. ఆ బుర్ర మీద మట్టి పోయడం నేను నిలబడి చూశాను.

ఇంటికి తెచ్చాక మూడుసార్లు మోగింది. మొదటిసారి ఎత్తాను. "మామ్మా?" అంది ఎవరో ఆడమనిషి, గుసగుసగా. "మామ్మగారు లేరమ్మా, నేనూ..." అనేలోపు పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. మిగిలిన రెండుసార్లూ నేను ముట్టుకోలేదు.

చెల్లి శుక్రవారం చేస్తుందని ఆవిడ ఎప్పుడో నోరు జారింది. రేపు శుక్రవారం. ఎత్తకపోతే ఏమైందోనని బెంగపడుతుంది. నా గొంతు వింటే పెట్టేస్తుంది. పెట్టేశాక ఇంక ఈ నంబరుకి ఎప్పుడూ చెయ్యదు. తెర మీద దాని నంబరు పడితే పడొచ్చు, కానీ నేను చేస్తే అది ఎత్తాలి కదా. ఇంతసేపూ ఇదంతా రాస్తూ ఆలోచించింది ఆ ఒక్క విషయమే.

ఇవాళ శుక్రవారం. పొద్దున్న ముగ్గురినీ బడికి పంపలేదు. మా పిల్లలిద్దరికీ, ఈ ఫోను ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని చెప్పాను. వాళ్ళు బెదిరి బయటికి పోయారు. బుజ్జిని కూర్చోబెట్టి చెప్పాను.

"మీ అమ్మ ఫోను విమానంలో పోయిందని చెప్పాను కదా, అది అబద్ధం. ఆ నంబరు అందరికీ ఇచ్చింది నేను. వాళ్ళు చెయ్యబట్టి అమ్మ దొరికిపోయింది. పైగా అమ్మని అనకూడని మాట అన్నాను. అందుకే అమ్మ నాతో మాట్లాడదు."

"నాతో మాట్లాడుతుందా?" అంది.

"తెలీదు. ఇవాళ ఇది మోగితే నువ్వే ఎత్తు. ఎత్తగానే నీ పేరు చెప్పు. నీ గొంతు మారిపోయింది, ఎవరో అనుకుంటుంది. ఏ ఏరియా, ఏ బ్లాకు, ఏ వీధి, ఏ ఇల్లు, ఈ నాలుగూ అడిగి రాసుకో. తరవాత నీ ఇష్టం. నేను పెరట్లో ఉంటాను. పెద్దమ్మ ఉందా అని అడిగితే, లేదని చెప్పు."